కుందేలు ఎటు చూడాలి

తరుమి-సాన్ ఫోనులో అన్నది డిస్కు. మేం విన్నది డెస్కు.

అందుకే ఆ ఆదివారం పొద్దున కజితాని వాళ్ళింటి ముందు ఒక బుల్లి ట్రక్కు, అందులో రెండు చుట్టల మోకు, నాలుగు పాత దుప్పట్లు, పక్కన నడుములకు పట్టీలు బిగించుకున్న నలుగురు మగాళ్ళు సిద్ధంగా ఉన్నారు. నలుగురిలో నేనొకణ్ణి. పట్టుదారాలకు రంగులు వేయడం నా వృత్తి, బరువులెత్తడం కాదు. కానీ మా దిగువ సందులో బరువుందని పిలిచాక వెళ్ళకపోతే పరువుండదు.

మాకందిన కబురు ఇదీ: పోయిన ఎయికిచి పెద్దాయన డెస్కును వాడా-సాన్ కొట్టుకు చేర్చాలి, బాగా పాతది, ఒక్క గీత పడినా పనికిరాదు, సంఘం సొత్తు కాబట్టి సంఘం తరఫున నలుగురు తోడు వెళ్ళాలి.

తలుపు తీసిన షుజి మమ్మల్ని చూశాడు, ట్రక్కును చూశాడు, మోకును చూశాడు.

“ఏంటిది, నాచేత ఇల్లు ఖాళీ చేయిస్తున్నారా?”

“డెస్కు ఎక్కడయ్యా?” అన్నాను. నా గొంతు పెద్దది, మా సందు చిన్నది. ఎదురింటి కిటికీలు రెండు తెరుచుకున్నాయి.

షుజి లోపలికి వెళ్ళి, చొక్కా జేబులో పట్టే నల్లటి చదరపు బిళ్ళ ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఫ్లాపీ డిస్కు. నలుగురం దానివైపు చూస్తూ నిలబడ్డాం.

“మోకు కట్టాలంటావా?” అన్నాడు టోఫు కొట్టు ఇసొగై.

వెనకాల సైకిలు మీద వచ్చిన తరుమి-సాన్ మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. ఆయన మిసో అనే సోయా ముద్ద అమ్మే వ్యాపారి, మా దిగువ సందు సంఘానికి అధ్యక్షుడు. పేరు తరుమి. పనీ అదే. పొద్దున లేస్తే ఎవరినో ఒకరిని ఏదో ఒక పనికి తరుముతూ ఉంటాడు. “డిస్కు, డిస్కు అన్నాను కదయ్యా! కుందేలు ఉన్న డిస్కు!”

కుందేలు అనేసరికి అందరం సర్దుకున్నాం. అది నవ్వులాట వ్యవహారం కాదు.

శరదృతువులో గుడి ఉత్సవానికి మాదొక రథం, ఎగువ సందువాళ్ళదొక రథం. వాళ్ళ రథం ముందు వేలాడే తెర మీద నిండు చందమామ. మా తెర మీద అలల మీద దూకుతున్న తెల్ల కుందేలు. గుడి ముందు రెండు రథాలూ పక్కపక్కన నిలిపినప్పుడు మా కుందేలు వాళ్ళ చందమామను తలెత్తి చూస్తుంది. అంతే ముచ్చట. ఆ ముచ్చట కోసం జనం ఎండలో నిలబడతారు. ముప్ఫయ్యేళ్ళ కిందట ఆ తెర నేసింది ఎయికిచి పెద్దాయన. పోయిన ఏడాది ఉత్సవంలో వాన పట్టుకుంది. తడిసిన తెరను ఆరకుండానే సామాన్ల గదిలో పెట్టేశారు. తీసేసరికి కుందేలు ఉందో లేదో తెలియనంత బూజు. మిగిలింది ఒక ఫొటో.

తెర నేసినవాడు లేడు. నేతకు కావలసిన బొమ్మ మాత్రం ఈ బిళ్ళలో ఉంది. ఏ పోగు ఎప్పుడు లేవాలో, ఏది దిగాలో మగ్గానికి చెప్పే లెక్కంతా అందులోనే.

షుజి ఆ ఇంటి అల్లుడు. ఇరవయ్యేళ్ళ వయసులో అల్లిక నేర్చుకుందామని వచ్చి అల్లుడైపోయాడు. పెద్దాయన కూతురు నొబుఎను చేసుకుని, ఇంటి పేరు కూడా మార్చుకుని కజితాని అయ్యాడు. మా సందులో ఇప్పటికీ టకటకా చప్పుడు చేస్తున్న మగ్గం అతనిదొక్కటే. మిగతావన్నీ గుండె ఆగినట్టు ఆగిపోయాయి. అది కూడా ఆగేలా ఉందని సందు ఉమ్మడి స్నానాల ఇంట్లో వేడి నీళ్ళలో కూర్చున్నప్పుడు నాతో అన్నాడు: “కుందేలు పని వస్తే మగ్గం ఉంటుంది. దాన్ని కూడా అచ్చు కంపెనీకి ఇచ్చేస్తే విప్పేస్తాను. ఉత్తినే నిలబెట్టి దానికేసి చూస్తూ కూర్చోలేను.”

అచ్చు కంపెనీ అంటే, ఫొటో ఇస్తే కుందేలును పాలియెస్టర్ గుడ్డ మీద అచ్చుకొట్టి ఇచ్చే కంపెనీ. వానకు తడవదు, బూజు పట్టదు. తరుమి-సాన్ మనసు అటే మొగ్గుతోంది. వేసవి సమావేశంలోగా షుజి నమూనా ముక్క ఒకటి నేసి తేవాలి, దాన్నీ అచ్చు నమూనానూ పక్కపక్కన పెట్టి సంఘం తేల్చుకుంటుంది, అని తీర్మానం.

“మరి ఆ బొమ్మ నీ కొత్త పెట్టెలోకి ముందే ఎక్కించుకోలేదేం?” అని దారిలో అడిగాడు ఇసొగై. ట్రక్కు ఎలాగూ తెచ్చాం కదా అని అందులోనే వెళుతున్నాం. డిస్కు ముందు సీట్లో షుజి ఒళ్ళో, దుప్పటి మీద.

“మగ్గాన్ని నడిపే పాత పెట్టె చెడిపోయి కొత్తది పెట్టినప్పుడు, ఎవరు ఏ బొమ్మ అడిగితే అది మార్చాను. కుందేలును ఎవరూ అడగలేదు.”

“డిస్కు ఉందిగా అనుకున్నావు.”

“డిస్కు ఉందిగా అనుకున్నాను. చదివే యంత్రమే ఉండదని అనుకోలేదు.”

షుజి వాళ్ళింటి అటక మీద ముత్తాత కాలం నాటి అట్టలు ఇంకా ఉన్నాయి. బెజ్జాలు కొట్టి, దారంతో దండలా కుట్టిన అట్టలు. అప్పట్లో మగ్గం వాటినే చదివేది. వాటిని ఎలుకలు కూడా కొట్టాయి. అయినా ఏ బెజ్జం ఎలుకది, ఏ బెజ్జం ముత్తాతది అనేది వెలుతురుకు పట్టి చూస్తే ఇప్పటికీ తెలిసిపోతుంది. ఈ నల్ల బిళ్ళను ఎంత వెలుతురుకు పట్టినా నల్లగానే ఉంటుంది.

తెరామచి వీధి వెనక సందులో వాడా కొట్టు. పేరుకు తగ్గట్టు అన్నీ వాడినవే. వాడిన కంప్యూటర్ తెరలు, వాడిన మీటల పలకలు, వాడి వాడి వాడిపోయిన వైర్లు. ఎవరూ వాడనివి ఉంచుకోవడమే వాడా వ్యాపారం. ఆయన డిస్కు రేకు మూత జరిపి, లోపలి గోధుమరంగు పొర మీద టార్చి వేశాడు.

“బూజు,” అన్నాడు. “ఎక్కడ దాచారు?”

“కిమోనోల పెట్టెలో. మా మామగారు ప్రాణమైనవన్నీ అందులోనే పెట్టేవారు. ఏటా వానలు పోయాక కిమోనోలతో పాటు డిస్కుల్ని కూడా తీసి, చాప మీద నీడపట్టున ఆరబెట్టి, కర్పూరం వేసి మళ్ళీ సర్దేవారు.”

“డిస్కుల్ని ఆరబెట్టేవారా!” ఇసొగై పగలబడి నవ్వాడు. “ఒడియాల్లాగానా?”

వాడా నవ్వలేదు. “ఆయనున్నన్నాళ్ళూ ఇది బతికింది అందుకే. ఆయన పోయాక?”

షుజి టార్చి వెలుతురు వంక చూస్తూ అన్నాడు: “పెట్టె తెరవలేదు. తెరవబుద్ధి కాలేదు.”

“కర్పూరం పురుగుల్ని తరుముతుంది గానీ బూజును తరమదు.”

“దానికి మా అధ్యక్షులవారే రావాలి,” అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నా సరుకు ఏదీ అమ్ముడుపోలేదు.

వాడా డిస్కు పెంకు విప్పి, పల్చటి పొరను స్పిరిట్‌లో ముంచిన దూదితో మధ్యలోంచి అంచుకు తుడిచాడు. ఆరాక ఇంకో పెంకులో అమర్చాడు. తర్వాత మూల నుంచి పసుపు తేలిన పాత కంప్యూటర్ ఒకటి లాగాడు. “ఈ పద్ధతిలో రాసింది మన దేశపు యంత్రాలే, అదీ ఆ కాలంలోనే. ఇప్పటి యంత్రంలో పెడితే, ఇందులో ఏమీ లేదు, తుడిచేసి కొత్తగా వాడుకుంటారా, అని అడుగుతుంది. జనం సరే అని నొక్కేస్తారు.”

“అడిగి మరీ చంపుతుందన్నమాట. ఎంత మర్యాద!” అన్నాను.

“ఇదీ తక్కువది కాదు. తల ఆనించి రుద్దుతూ చదువుతుంది. పొర గట్టిగా ఉంటే పరవాలేదు. లేకపోతే చదవడమే చెరపడం. ఒక్కసారికి వస్తుందేమో. రెండోసారికి మాట ఇవ్వలేను.”

“కానివ్వండి,” అన్నాడు షుజి. ఆ మాట డాక్టరుతో అన్నట్టుంది.

యంత్రం గరగరమంది. ఆగింది. ఒకే చోట పళ్ళు కొరుకుతున్నట్టు చాలాసేపు కొరికింది. షుజి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మళ్ళీ కదిలింది. చివరికి వాడా తల ఊపాడు. “వచ్చింది. మొత్తం వచ్చింది. సరిచూద్దాం ఉండండి.” సరిచూడటానికి రెండోసారి తిప్పేసరికి లోపల కీచుమంది. బయటికి తీసి చూస్తే గోధుమరంగు పొర మీద చక్రంలా ఒక గీత, దానిలోంచి అవతలి వెలుతురు.

ఎయికిచి పెద్దాయన డిస్కు అక్కడితో ఆఖరు. కుందేలు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వాడా యంత్రంలోనే ఉంది.

“ఫొటో ఇచ్చి వెళ్ళండి. దాంతో పోల్చి చూసుకుని నొబుఎ-సాన్‌కి పంపిస్తాను,” అన్నాడు వాడా.

నొబుఎ వదిన ఇంట్లోనే కంప్యూటర్ మీద నేతబొమ్మలు తయారుచేస్తుంది. వాడా పంపింది ఆమెకు చేరింది. ఆమె దాన్ని కొత్త పెట్టెకు అర్థమయ్యే భాషలోకి మార్చి, వేలెడంత మెమరీ పుల్లలో పెట్టి మగ్గం దగ్గర ఉంచింది. నేను దారాలకు రంగులు వేశాను. కుందేలు తెలుపు అంటే ఒక తెలుపు కాదు. పొట్టకో తెలుపు, వీపుకో తెలుపు, చెవుల లోపలికి సిగ్గుపడ్డ తెలుపు. షుజి నేశాడు.

ఇక్కడ మా నేత గురించి ఒక మాట. బట్ట మా మగ్గం మీద బోర్లా పుడుతుంది. ముఖం కిందికి, వీపు పైకి. నేసేవాడికి కనిపించేదంతా తేలే పోగుల చిక్కే. అందుకని బొమ్మను ముందే కుడి ఎడమలు మార్చి, అద్దంలో కనిపించినట్టు ఎక్కించాలి. అప్పుడు వెల్లకిలా తిప్పితే సరిగ్గా ఉంటుంది. పైగా ఆ ఇంట్లో పెద్దాయన పెట్టిన నియమం ఒకటుంది. మగ్గం మీంచి కోసిన బట్టను చుట్ట చుట్టేసి, చేయించుకున్నవాళ్ళ ముందే మొదటిసారి విప్పాలి. షుజి ఆ చుట్టను చంకలో పెట్టుకుని అలాగే సమావేశానికి వచ్చాడు.

సంఘం గదిలో సందంతా ఉంది. చల్లని బార్లీ టీ, విసనకర్రలు. వాడా కూడా తాను బయటికి తీసిన బొమ్మ ఏమైందో చూసుకుందామని వచ్చాడు. ముందు తరుమి-సాన్ అచ్చు నమూనా పరిచాడు. కుందేలు, అలలు, అన్నీ ఫొటోలో ఉన్నట్టే. కాస్త పలచగా, రేపు ఇంకో గుడ్డ మీదికి చిరునామా మార్చుకునే కుందేలులా ఉంది.

తర్వాత షుజి తన చుట్ట విప్పాడు.

అలలు నిజంగా ఎగిశాయి. కుందేలు వీపు మీద వెలుతురు పడి బొచ్చు కదిలినట్టయింది. ముసలాళ్ళ నోట ఆహా అని సగం వచ్చి, మిగతా సగం లోపలే ఆగిపోయింది.



మా ఊళ్ళో ఎదుటివాడి తప్పును పైకి అనడమే పెద్ద తప్పు. గుట్టుగా సర్దేసి, ఏమీ ఎరగనట్టు టీ తాగడం మర్యాద. కాబట్టి అందరూ టీ తాగారు.

“అలలు ఎంత బాగున్నాయో,” అంది ఒకావిడ.

“తెలుపు చాలా తెల్లగా ఉంది,” అన్నాడు ఇసొగై.

“కుందేలు... మంచి స్వతంత్ర భావాలున్నదానిలా ఉంది,” అన్నాడు తరుమి-సాన్.

షుజి ముఖంలో రంగు దిగిపోయింది. ఇక్కడ ఇన్నేళ్ళున్నాడు, ఈ రకం పొగడ్త దేనికి గుర్తో అతనికి తెలుసు. తెలియంది ఎక్కడ తప్పిందన్నదే. తరుమి-సాన్ మెల్లిగా అచ్చు కంపెనీ కాగితాలు దగ్గరికి లాక్కుంటున్నాడు.

నాకు మర్యాద తక్కువ, గొంతు ఎక్కువ. “ఇదేంటయ్యా, అటు చూస్తోంది!” అనేశాను. “చందమామ కుడి పక్కన ఉంటే ఇది ఎడమకు దూకుతోందేం? గుడి ముందు నిలబెడితే ఎగువ సందువాళ్ళకు మన కుందేలు చూపించేది తోక!”

గది మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. అనాల్సింది ఎవరో అన్నారు, తాము కాదు.

షుజి బట్టను చూశాడు, ఫొటోను చూశాడు. “అలా రావడానికి వీల్లేదు,” అన్నాడు. “నేను... నేను సరిచేసే ఎక్కించాను.”

“నువ్వు సరిచేయడమేంటి?” నొబుఎ వదిన తల తిప్పింది. “నేను సరిచేసే ఇచ్చాను కదా.”

వెనక వరసలో వాడా దగ్గాడు. “క్షమించాలి. నేను కూడా సరిచేసే పంపాను.”

తరుమి-సాన్ కాగితాలు కింద పెట్టాడు. “ఆగండాగండి. ఒక్కొక్కరూ చెప్పండి. మీరు ముందు.”

వాడా లేచి నిలబడ్డాడు. “డిస్కులోంచి వచ్చినప్పుడు కుందేలు ఎడమకు చూస్తోంది. ఫొటోలో చూస్తే కుడికి. నా పాత యంత్రం చదవడంలో తిరగబడింది కాబోలు అనుకున్నాను. నా యంత్రం చేసిన తప్పు మీ దాకా ఎందుకని తిప్పేసి పంపాను.”

“తిరగబడలేదండీ! నాన్నే మగ్గం కోసం అలా ఎడమకు పెట్టారు!” అంది నొబుఎ వదిన. “మీ దగ్గర్నుంచి వచ్చినదాంట్లో కుడికి చూస్తోంది. అది చూసి, నాన్న ఈ ఒక్కదాన్ని తిప్పడం మర్చిపోయారు అనుకున్నాను. పోయినవాళ్ళ తప్పు ఇప్పుడు పైకెందుకు? నోరు మూసుకుని ఎడమకు తిప్పేశాను.”

“దాంతో సరిపోయిందిగా?” అడిగాడు తరుమి-సాన్.

“సరిపోయింది.”

అందరం షుజి వైపు చూశాం. అతను మెడ రుద్దుకున్నాడు. “కొత్త పెట్టె మీద బొమ్మ కనిపించదు, వరస అంకెలే. మామగారి డిస్కులోంచి వచ్చిందాన్ని వచ్చినట్టే ఎక్కించాలని నాకు తెలుసు. కానీ నొబుఎకు జనం తెచ్చే ఫొటోలతో పని. ఏది వచ్చినా ముందు తిప్పేయడం తనకు అలవాటు. ఇదీ అలవాటుగా తిప్పేసి ఉంటుందనుకుని... పెట్టె మీద మీట నొక్కి వెనక్కి తిప్పాను.”

“నన్నడగొచ్చుగా?”

“అడిగితే, మీ నాన్న పద్ధతి నీకు తెలియదా అన్నట్టుంటుందని.”

“మరి ఆయనకు తెలుసన్నమాట, మా నాన్న పద్ధతి!” అంది వదిన గది మొత్తానికీ. కానీ ఆ గొంతులో కోపం సగమే.

ఇసొగై వేళ్ళు మడిచి లెక్కేశాడు. “ఇద్దరే మర్యాదస్తులై ఉంటే మనకు ఎప్పటికీ తెలిసేదే కాదు.”

అందరూ నవ్వారు, తరుమి-సాన్ తప్ప. ఆయన వ్యాపారి, లెక్క తేలందే నవ్వడు. “నవ్వులు సరే. ఇప్పుడు డిస్కు పోయింది. రేపు ఈ పుల్ల కూడా పోతుంది. అప్పుడు మళ్ళీ మోకులేసుకుని ట్రక్కులో తిరుగుతామా? అచ్చువాళ్ళకైతే ఒక్క ఫొటో చాలు.”

ఆ ప్రశ్న షుజిదే. అతనే లేచాడు.

“పోతుంది,” అన్నాడు. “పుల్ల పోతుంది, దాని తర్వాత వచ్చేదీ పోతుంది. అది చచ్చిందో బతికిందో పెట్టి చూస్తేగానీ తెలియదు. అందుకని ఏటా తీసి చూడాలి, కొత్తదాంట్లోకి మార్చాలి. కిమోనోలు ఆరబెట్టే రోజునే ఆ పనీ చేస్తాను. మామగారు చేసింది అదే, నేనే మానేశాను.”

“ఎటు చూడాలన్నది కూడా అందులోనే రాసి పెడతాం,” అంది వదిన. “ఎవరు తిప్పారు, ఎందుకు తిప్పారు, అన్నీ. ఇక గుట్టుగా ఎవరూ ఏదీ దిద్దరు.”

తరుమి-సాన్ బట్టను రెండు వేళ్ళతో పట్టుకుని రుద్దాడు. తర్వాత అచ్చు నమూనాను కూడా రుద్దాడు. మళ్ళీ బట్ట మీదికే చెయ్యి వచ్చింది, అక్కడే ఉండిపోయింది. ఏదో అనబోతుండగా మూల నుంచి హత్సుయొ బామ్మ విసనకర్రతో నేల కొట్టింది. ఆవిడకు చెవులు అంతంతమాత్రం.

“మీరేం నవ్వుతున్నారో నాకేం తెలియలేదు. కుందేల్ని ఎవరు తిప్పారు? ఎన్నిసార్లు తిప్పారు? సరిగ్గా చెప్పి చావండి!”

షుజి గది మధ్యలోకి వచ్చాడు. తరుమి-సాన్ ఎదురుగా నిలబడ్డాడు. బట్ట గొడవ తేల్చడానికి ఆయన బట్టతలే చందమామ అయింది.

“బామ్మా, ఇలా చూడండి,” అన్నాడు గట్టిగా. “నేను కుందేల్ని. అదిగో చందమామ. మామగారు డిస్కులో నన్ను సరిగ్గా ఇలాగే పెట్టారు. వాడా-సాన్ తిప్పారు.” గిరుక్కున వెనక్కి తిరిగాడు. “నొబుఎ తిప్పింది.” మళ్ళీ ముందుకు తిరిగాడు. “అక్కడితో ఆగాల్సింది. నేను కూడా తిప్పాను.”

మళ్ళీ తిరిగాడు. ఇప్పుడు అతని వెనకభాగం సరిగ్గా అధ్యక్షులవారి ముఖానికి ఎదురుగా ఉంది. “ఇదీ జరిగింది. అర్థమైందా?”

“అర్థమైంది,” అంది బామ్మ. గది గదంతా దొర్లి దొర్లి నవ్వింది. వాడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నాకూ అర్థమైంది,” అన్నాడు తరుమి-సాన్, ఆ వెనకభాగంతోనే. “ఇటు తిరుగు. రేపట్నుంచి నేత మొదలుపెట్టు.”